మాట పడని రికార్డింగు

ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేనొక బట్టల కొట్లో నిచ్చెన మీద ఉన్నాను. సీసీ కెమెరా బిగిస్తున్నాను. నోట్లో రెండు స్క్రూలు.

"నేనండీ, బండారులంక నుంచి. నాన్నగారు పోయేరండి. మొన్న ఆదివారం."

స్క్రూలు చేతిలోకి ఉమ్ముకుని, ఎలా జరిగిందమ్మా అన్నాను. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చారట. టీకి లేపితే లేవలేదట. ఎవరికీ ఏ ఇబ్బందీ పెట్టకుండా పోయారు. బతికినన్నాళ్ళూ ఆయన వరస అదే.

"పెద్దకర్మ నాడు మీరు తప్పకుండా రావాలండి. అమ్మ మరీ మరీ చెప్పమంది. కంప్యూటర్ కూడా తెచ్చుకోమందండి. నాన్నగారి రికార్డింగులన్నీ మీ దగ్గర భద్రంగా ఉన్నాయంట కదా, అందరికీ ఓసారి వినిపిద్దారని."

"అలాగేనమ్మా" అన్నాను. నిచ్చెన దిగి చీరల బస్తా మీద కూలబడితే కొట్టు యజమాని నాకు షుగర్ పడిపోయిందేమోనని కూల్‌డ్రింకు తెప్పించాడు. తాగాను. దాహమై కాదు, నోటికి ఏదో ఒక పని ఉంటే నయమని.

ఆయన పేరు ఇక్కడ రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. నేను బాబాయిగారూ అనేవాణ్ణి, ఆయన నన్ను అబ్బాయిగారూ అనేవారు. నా మీసం నెరిసి, నాకో మనవడు పుట్టినా సరే, ఆయనకి నేను అబ్బాయిగారినే. చుట్టరికం ఏమీ లేదు. ఆయన చీరలు నేసే మనిషి, నేను కాసెట్ల మనిషిని.

ఆయన ప్రతివాళ్ళనీ అండీ అనేవారు. చంటిపిల్లల్ని "ఎందుకండీ ఏడుస్తున్నారు" అని అడగడం నా చెవులతో విన్నాను. అదంతా ఒక ఎత్తు, రేడియో దగ్గర ఆయన మర్యాద ఒక ఎత్తు. కార్యక్రమం మొదలయ్యే ముందు భుజం మీద తువ్వాలు తీసి, చెవులు రెండూ శుభ్రంగా తుడుచుకునేవారు, మనం భోజనానికి కూర్చునే ముందు చెయ్యి కడుక్కున్నట్టు. లోపల్నించి అనౌన్సరు శ్రోతలకు నమస్కారం అనగానే ఈయన చేతులు జోడించి "నమస్కారమండి" అనేవారు. ఇప్పుడు ఫలానా పాట విందాం అని ఆయనంటే ఈయన "ఆయ్" అనేవారు. మా గోదావరి వాళ్ళ ఆయ్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. అవును, అలాగే, విన్నాను, చిత్తం, అన్నీ అందులోనే ఉంటాయి.

ఒకసారి నవ్వు ఆపుకోలేక అడిగేశాను. "బాబాయిగారూ, మీరన్నది అక్కడ ఆయనకి వినపడదు కదండీ?"

"మనకి వినపడింది కదండీ" అన్నారాయన. "పిలిస్తే పలక్కపోతే ఏం బావుంటాదండీ?"

నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. గొప్పకి కాదు, నేరం ఎక్కడ పుట్టిందో తెలియడానికి. ఇప్పుడు కెమెరాలు బిగిస్తున్నాను, ఫోన్లకి అద్దాలు అంటిస్తున్నాను గానీ, కాసెట్ల రోజుల్లో అమలాపురం గడియారస్తంభం దగ్గర నాది రికార్డింగు సెంటరు. పాటల జాబితా రాసిన కాగితం ఇచ్చి వెళ్తే సాయంత్రానికి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. కొన్ని పాటలు రికార్డుల మీద దొరికేవి కావు. వాటి కోసం రేడియో ముందు కాపు కాయాల్సిందే. పనితనమంతా అక్కడుంది. అనౌన్సరు నోరు మూయడానికీ పాట మొదలవడానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది, ఆ సందులో పాజ్ బటన్ వదలాలి. పాట చివర వాయిద్యం ఇంకా సాగుతుండగానే, ఇదిగో ఈయన నోరు తెరవబోతున్నాడని పసిగట్టి నొక్కెయ్యాలి. ఒక్క మాట పడకూడదు. మాట పడితే అది పాడైన కాసెట్టు కింద లెక్క, జనం తిరగ్గొట్టేవారు. "ఫలానా వాడి రికార్డింగులో మాట పడదు" అని రాజోలు నుంచి కొత్తపేట దాకా నాకు పేరు. నా కుడిచేతి బొటనవేలంటే నాకు గొప్ప గురి.

ఆయన మొదటిసారి నా కొట్టుకొచ్చింది ఖాళీ కాసెట్టు కోసం. జాబితా ఏదండీ అంటే "పాటలొద్దండి, ఖాళీది చాలండి" అన్నారు. ఖాళీ కాసెట్టు కొనేవాడంటే సొంతంగా రేడియోలోంచి పట్టుకునేవాడన్నమాట, మా పొట్ట కొట్టేవాడన్నమాట. కాస్త ఎకసెక్కంగానే అడిగాను, "మాట పడకుండా పట్టడం తెలుసాండీ?" అని.

"మాట కోసమేనండి" అన్నారు నవ్వుతూ.

నేనది హాస్యం అనుకున్నాను. ఇన్నేళ్ళ తరవాత చేతులు కాల్చుకున్నాక తెలిసింది, ఆయన మొదటి రోజే మొత్తం చెప్పేశారని.

వాళ్ళ వీధిలో ఏడుగురు నేతగాళ్ళు కలిసి ఒక శ్రోతల సంఘం పెట్టుకున్నారు. సంఘమంటే పెద్ద బోర్డూ అదీ ఏమీ లేదు, వారానికో కార్డు ముక్క. మాకు ఫలానా పాట వినిపించండి అని రాసి, కింద ఏడు పేర్లు. రాసేది ఈయనే కాబట్టి తన పేరు చివర పెట్టుకునేవారు. షార్ట్‌వేవ్ మీద ఎక్కడో దూరపు స్టేషను, సాయంత్రం పూట కోరిన పాటల కార్యక్రమం. వాళ్ళ కార్డు ఏ రోజు చదువుతారో తెలియదు. అందుకని రోజూ సిద్ధంగా ఉండాల్సిందే.

ఆ సిద్ధంగా ఉండడం ఒకసారి చూశాను. ఆయన టేపురికార్డరు మొరాయిస్తే బాగుచేయడానికి వెళ్ళాను. రేడియో ఒకటి, టేపురికార్డరు వేరొకటి. మడత పెట్టిన తువ్వాలు మీద మైకు పడుకోబెట్టి రేడియో నోటికి ఎదురుగా పెట్టేవారు. అలా పడితే గదిలో చీమ తుమ్మినా టేపులో పడుతుంది. మరి ఆయన కూర్చునేది గుంట మగ్గంలో. ఎదురుగా ఆయన భార్య రాట్నం మీద నూలు చుడుతూ ఉంటారు. బయట వీధి పొడుగునా మిగతా ఆరు మగ్గాలూ టకాటకా కొడుతూనే ఉంటాయి. పాట అయిపోయి అనౌన్సరు ఉత్తరాలు చేతిలోకి తీసుకున్నాడని తెలియగానే ఈయన కుడి చెయ్యి పైకి లేపేవారు. వెంటనే పిన్నిగారు రాట్నం ఆపి, ఎర్ర నూలు చిలప ఒకటి పట్టుకుని అరుగు మీదకి పరుగెత్తి, స్తంభానికున్న మేకుకి తగిలించేవారు. అది చూసి పక్కింటి మగ్గం ఆగేది. దాన్ని చూసి ఆ పక్కది. ఒక్క నిమిషంలో వీధి మొత్తం చప్పుడు లేకుండా అయిపోయేది. పేర్లు చదవడం అయిపోయి పాట ఎత్తుకోగానే చిలప తీసేసేవారు. ఏడు మగ్గాలూ మళ్ళీ మొదలయ్యేవి.

నూలిచ్చి నేయించుకునే షావుకారు ఈ ఆటంతా చూసి గొణిగేవాడట, "మీ పేర్లు రేడియోలో పడితే నా చీర దిగుద్దేటయ్యా?" అని. ఈయన ఆ మాటకీ "ఆయ్" అనేవారు.

ఇప్పుడు ఆలోచించండి. ఆయన కాసెట్లలో మాటలు గాజులా స్పష్టంగా ఉంటాయి, పాటల వెనకాల ఏడు మగ్గాల దడదడ ఉంటుంది. ఏది కావాలని పట్టుకున్నాడో చిన్నపిల్లాడికి కూడా తెలియాలి. అంత కళ్ళారా చూసిన నాకు తెలియలేదు. తెలియలేదంటే అది కూడా పూర్తిగా నిజం కాదు.

ఎందుకంటే ఇంకోటి కూడా చూశాను. ఆ ఏడుగురిలో ముందు పోయినవాడు వీర్రాజు. పెద్ద వయసు కాదు. పోయాక దండ వేద్దామంటే ఇంట్లో ఒక్క ఫొటో లేదు. సంవత్సరీకం నాడు ఈయన టేపురికార్డరు చంకన పెట్టుకుని వాళ్ళింటికెళ్ళి, కార్డు చదివిన ముక్క వినిపించారు. బండారులంక నుంచి వీర్రాజు, అని రేడియోలో పిలుస్తుంటే ఇంటిల్లిపాదీ విన్నారు. అప్పట్నించీ అదొక ఆనవాయితీ అయిపోయింది. సంఘంలో ఒక్కొక్కరూ తగ్గుతున్న కొద్దీ ఈయనకి ఏడాదిలో వెళ్ళాల్సిన ఇళ్ళు పెరిగాయి. తద్దినం భోజనాలకి ముందు పెట్టె రావాలి, పేరు పలకాలి, అప్పుడే ఆకులు వెయ్యాలి.

అలాంటి ఒక రోజున వీర్రాజు వాళ్ళింట్లో టేపురికార్డరు బెల్టు తెగితే నన్ను పిలిపించారు. కొత్త బెల్టు వేశాను. పేరు వినపడింది. పోయినతని తల్లి, బాగా పెద్దావిడ, చేతిలో చెంబు కింద పెట్టి, "ఇంకోసారి పిలిపించండి బాబూ" అంది. ఈయన వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టారు. "ఇంకోసారి." మూడుసార్లో నాలుగుసార్లో తిప్పారు.

నేనప్పుడు ఏమనుకున్నానో దాచుకోకుండా చెప్పేస్తాను. అన్నిసార్లు వెనక్కి తిప్పితే టేపు సాగిపోతుంది కదా అనుకున్నాను.

మూడేళ్ళ కిందట ఒక పొద్దున్న ఆయన నా కొట్టుకొచ్చారు. చీర ముక్కలో కట్టిన మూట బల్ల మీద పెట్టి, ముడి విప్పి, ఒక్కొక్క కాసెట్టూ తీసి వరసగా పేర్చారు. నలభై పైచిలుకు. మా వానలకీ, ఉప్పుగాలికీ టేపులకి తెల్లగా బూజు పట్టేసింది. ఆయన టేపురికార్డరు ఎప్పుడో కన్ను మూసింది. సంఘంలో ఈయన ఒక్కరే మిగిలారు.

"ఇయ్యి ఫోన్లోకి ఎక్కుతాయంట కదండీ. ఎక్కించేస్తే ఆళ్ళ పిల్లలందరికీ తలో ముక్కా పంపేద్దారండి. దుబాయిలో ఉన్నోళ్ళకి కూడా వెళ్ళిపోద్దంట. నేనున్నన్నాళ్ళూ పెట్టె మోసేను. నా తర్వాతోళ్ళు వినాలి కదండీ."

"మీరు నిశ్చింతగా ఉండండి బాబాయిగారూ. నా చేతిలో పడ్డాయిగా" అన్నాను.

వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, సిగ్గుపడుతున్నట్టు చెప్పారు. "మాటలు బానే ఉంటాయండి. పాటలకే మగ్గం చప్పుడు పడిపోయింది. ఏవనుకోకండి."

నాకు పాటలు అన్న ముక్కే పట్టింది. పాపం, పాటలు పాడైపోయాయని బాధపడుతున్నాడు, వాటిని బాగుచేసి ఇచ్చి ఈయన్ని ఆశ్చర్యపరచాలి అనుకున్నాను. చాలా ఏళ్ళ తరవాత చేతికి అసలైన పని దొరికిందన్న హుషారు ఒకటి. అటక మీంచి పాత డెక్కు దించి, తుడిచి, కంప్యూటర్‌కి తగిలించాను. బూజు టేపు ఒకటి రెండుసార్లకి మించి ఆడదు, పొడి రాలిపోతుంది. అందుకని జాగ్రత్తగా, ఒక్కసారే ఆడిస్తూ ఎక్కించుకోవాలి.

ఆ ఒక్కసారీ నా బొటనవేలు దాని పని అది చేసుకుపోయింది. అనౌన్సరు నోరు తెరవగానే ఆపాను. పాట ఎత్తుకోగానే వదిలాను. కంప్యూటర్‌లో మొత్తం ఎక్కించుకుని తీరిగ్గా కోసుకోవచ్చు, ఆ మాత్రం తెలియనివాణ్ణేమీ కాదు. కానీ కొట్టులో కూర్చుని, చెవికి అనౌన్సరు గొంతు తగలగానే ముప్పై ఏళ్ళ అలవాటు ముందుకొచ్చింది. ఎంత ఒడుపుగా కోశానంటే, ఇంకా చెయ్యి పోలేదని నన్ను నేనే మెచ్చుకున్నాను.

మొదటి కాసెట్టులోనే పేర్ల వరస వచ్చింది. విన్నాను. వీర్రాజు పేరూ విన్నాను. చెంబు కింద పెట్టిన ఆ పెద్దావిడ గుర్తొచ్చింది. గుర్తొచ్చి కూడా నొక్కాను. ఈ రోజుల్లో ఇదెవడు వింటాడు అనుకున్నాను. ఇది అలవాటు చేసిన పని కాదు, నేను చేసిన పని.

అంతటితో ఊరుకున్నానా? పాటల వెనకాల మగ్గాల చప్పుడు ఎంత తీసినా పోవడం లేదని, అవే పాటలు ఇంటర్‌నెట్‌లో వెతికి, శుభ్రమైనవి దించి, వాటి స్థానంలో పెట్టేశాను. అక్కడ దొరకని నాలుగైదు మాత్రం టేపులోవే ఉంచాను. పని అయ్యాక బూజు పట్టిన ఆ కాసెట్లన్నీ సంచిలో వేసి మున్సిపాలిటీ చెత్త బండికి ఇచ్చేశాను. ఆ చీర ముక్కతో బల్ల తుడుచుకున్నాను.

వారం పోయాక ఆయనకి కబురు పెడితే మర్నాడే వచ్చారు. ఉతికిన పంచె, కొత్త తువ్వాలు. ఏదో పెళ్ళిచూపులకి వచ్చినట్టు వచ్చారు. కుర్చీలో కూర్చుని, తువ్వాలుతో చెవులు రెండూ తుడుచుకున్నారు.

"ఆయ్, పెట్టండి."

స్పీకర్లోంచి మొదటి పాట వచ్చింది, నిన్న రికార్డు చేసినంత శుభ్రంగా. నేను ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను, మెప్పు కోసం. ఆయన తల పంకిస్తూ విన్నారు. పాట చివరికొచ్చింది. వాయిద్యం ఇంకా సాగుతుండగా ఆయన కుడి చెయ్యి మెల్లిగా పైకి లేచింది. ఆ వీధీ లేదు, ఆ మగ్గాలూ లేవు. అయినా లేచింది. రెండో పాట మొదలైంది. చెయ్యి కాసేపు గాల్లోనే ఉండి, దిగింది. రెండో పాట చివరా లేచింది, కానీ సగం దాకానే. మూడోసారి లేవలేదు.

ఇంకా కొన్ని పాటలయ్యాక, టేపులోవే ఉంచేసిన నాలుగైదింటిలో ఒకటి వచ్చింది. దాని మొదట్లో, పాట ఎత్తుకోవడానికి ముందు, చిన్న శబ్దం ఒకటి పడింది. ఏదో అరుపు ముక్క. ఆయన గబుక్కున తలెత్తారు. మొహమంతా ఒక్కసారి విప్పారింది.

నేను నొచ్చుకున్నాను. నా రికార్డింగులో చప్పుడు పడడమేమిటి! "అయ్యో, ఇక్కడ ఏదో మిగిలిపోయిందండి, ఒక్క నిమిషం" అని, ఆ ముక్క వరకూ గుర్తుపెట్టి, ఆయన చూస్తుండగానే కోసేసి, సేవ్ కొట్టేసి, "ఇప్పుడు వినండి" అన్నాను.

విన్నారు. "ఆయ్" అన్నారు. "చాలా శుభ్రంగా ఉందండి."

టీ తెప్పించాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని అడిగారు. "మిగతాది వేరే దాంట్లో పెట్టేరాండి?"

"మిగతాదేంటండి?"

"మాటలండి."

"మాటలెందుకండీ బాబాయిగారూ! మొత్తం పాటలే, ఎక్కడా ఒక్క మాట పడలేదు. చూసుకోండి."

"ఆయ్" అన్నారు. "కాసెట్లు ఉన్నాయాండి? పట్టుకెళ్ళిపోతాను."

"అవి పనికిరావండి, అంతా బూజు. చెత్త బండికి ఇచ్చేశాను."

ఆయన టీ చివరి దాకా తాగారు. సగంలో వదిలేస్తే నేను నొచ్చుకుంటానేమోనని తాగారని నాకు ఇప్పటికీ అనుమానం. పాటలు ఎక్కించిచ్చిన పెన్‌డ్రైవ్ తువ్వాలు కొసన ముడేసుకుని, "శ్రమ పడ్డారండి. వెళ్ళొస్తానండి" అని బస్సు ఎక్కడానికి వెళ్ళిపోయారు.

కొట్టులో ఒక్కణ్ణీ కూర్చుంటే ఆయనన్న ఆయ్ చెవిలోనే ఉండిపోయింది. అప్పుడు తట్టింది. ఇందాక నేను కోసేసిన అరుపు ముక్క కూడా అదే. అదే గొంతు, అదే సాగదీత. పడుచు వయసులో, పేర్లన్నీ అయ్యాక చివర తన పేరు పిలవగానే, బళ్ళో హాజరు పలికినట్టు ఈయన పలికిన ఆయ్. నలభై కాసెట్లలో నా వేలు ఒక్కసారి తొందరపడితే మిగిలిన ఆయ్. ఆ ఫైలు మళ్ళీ తెరిచి చూశాను. కోసేసిన దాని మీదే సేవ్ చేశాను కదా, ఏముంటుంది? చెత్త బండి వాళ్ళని అడిగాను. ఆ సంచి వెళ్ళి పది రోజులైంది.

ఆ రోజే బండి తీసి బండారులంక వెళ్ళి కాళ్ళ మీద పడాల్సింది. వెళ్ళలేదు. రేపు వెళ్దాం అనుకున్నాను. ఆ రేపు ఒక వారమైంది, వారం కాస్తా నెలైంది. ఒకసారి బస్‌స్టాండులో ఆయన కనపడితే నేను మందుల షాపులోకి దూరి, అక్కర్లేని జిందా తిలిస్మాత్ లాంటిదేదో కొనుక్కుని, ఆయన బస్సు కదిలాక బయటికొచ్చాను. ఇంకోసారి పోలింగు బూత్ దగ్గర ఎదురుపడ్డారు. తప్పించుకునే దారి లేదు. ఆయనే ముందు చేతులు జోడించి "బావున్నారాండి" అన్నారు. నా మొహం చూసి ఏం గ్రహించారో, "ఎండగా ఉందండి, నీడలోకి రండి" అన్నారు. అంతే. ఆ సంగతి ఎత్తలేదు. ఆయన రెండు తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయి ఉండేవాణ్ణి.

ఆ ఏడాది చివర్లో కూతురి చేత ఒక తువ్వాలు పంపించారు. ఆయన నేసినదే, ఎర్ర అంచు. అబ్బాయిగారు శ్రమ పడ్డారు, ఇచ్చి రమ్మన్నారట. దాన్ని నేను వాడలేదు. బీరువాలో మడత విప్పకుండా ఉంది. తలుపు తీసినప్పుడల్లా నన్ను చూస్తుంది.

పెద్దకర్మ నాడు లాప్‌టాపూ స్పీకరూ పట్టుకుని వెళ్ళాను. ఎందుకు పట్టుకెళ్ళానని అడగకండి. తెమ్మన్నారు, తెచ్చాను. దారి పొడుగునా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలనే చూశాను. ఫైలు పాడైందనొచ్చు. స్పీకరు పనిచేయడం లేదనొచ్చు. కెమెరాలు బిగించేవాడు చెప్తే కాదనేవాడెవడు?

అరుగు మీద స్తంభానికి ఆ మేకు అలాగే ఉంది. లోపల గుంట మగ్గం మీద దుప్పటి కప్పారు. సంఘంలోని మిగతా ఆరుగురి ఇళ్ళ నుంచీ కొడుకులో కోడళ్ళో మనవలో ఎవరో ఒకరు వచ్చి చాపల మీద కూర్చున్నారు. పెరట్లోంచి వంటల వాసన వస్తోంది. ఫొటోకి దండ వేశారు. కాలం మారింది, ఈయనకి ఫొటో ఉంది.

పిన్నిగారు గోడకి ఆనుకుని కూర్చున్నారు. నన్ను చూసి పక్కన చోటు చూపించారు. నేను లాప్‌టాప్ తెరవగానే అన్నారు, "పాటలొద్దండి అబ్బాయిగారూ. ఆ మాట పెట్టండి. ఆయన పేరు ఒక్కసారి వింటాను. నేనెలాగూ నోటితో అనను కదండీ, పెళ్ళయిన కాణ్ణించీ అన్లేదు. ఆ రేడియో ఆయన అంటే వినడవే నాకు. చిలప తగిలించేసి, అరుగు మీదే నిలబడిపోయి వినేదాన్ని."

అంతా నా వేలి వంక చూస్తున్నారు. స్పీకరు పాడైందన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది.

"లేదండి పిన్నిగారూ" అన్నాను. "ఆ మాటలు నేను కోసేశానండి. అన్నీ. పాటలే ఉంచాను. కాసెట్లు కూడా పారేశాను. బాబాయిగారికి తెలుసండి."

వీర్రాజు కొడుకు ఒకసారి నా వంక చూసి తల దించుకున్నాడు. కూతురు వంటింటి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

"తెలుసాండి?" అన్నారు పిన్నిగారు. "మరి మాతో అలా అన్లేదండి. మాటతో సహా ఉంది, అబ్బాయిగారి దగ్గర భద్రంగా ఉంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు అన్నారండి. ఈ మూడేళ్ళూ అదే అన్నారండి."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడవడానికి కూడా నాకు మొహం లేదనిపించి ఆపుకున్నాను. ఏమని క్షమించమంటాను? నా తప్పు బయటపడకుండా ఆయన మూడేళ్ళు తన ఇంట్లో అబద్ధమాడారు. ఆయన జన్మలో ఇంకో అబద్ధం ఆడి ఉంటారని నేననుకోను.

పిన్నిగారు చాలాసేపు చీర కొంగు అంచు వేళ్ళతో తడుముకుంటూ కూర్చున్నారు. తరవాత మెల్లిగా, ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టారు.

"బండారులంక నుంచి..."

అది ఆవిడ మాట్లాడే తీరు కాదు. ఆ రేడియో ఆయన తీరు. ఆ ఆపడం, ఆ సాగదీయడం, అచ్చం అదే. అన్నేళ్ళు అరుగు మీద నిలబడి విన్నారు కదా.

"వీర్రాజు... సత్తిరాజు... గణపతి..."

ఒక్కొక్క పేరు పడుతుంటే చాపల మీద ఒక్కొక్క తల లేస్తోంది.

"కొండయ్య... సూర్రావు... నూకరాజు... మరియు..."

అక్కడ ఆగిపోయారు. పెదవులు విడి ఉన్నాయి గానీ మాట లేదు. కూతురు అందించబోయింది. పిన్నిగారు చేత్తో వారించి, నా వైపు తిరిగారు.

"తీసేసింది మీరే కదండీ, అబ్బాయిగారూ. మీరే అనండి."

అందులో కోపం లేదు. పీట వాల్చండి, మంచినీళ్ళు తీసుకోండి అన్నట్టే అన్నారు.

ఇన్నేళ్ళలో ఆయన పేరు నా నోటితో ఎప్పుడూ అనలేదని అప్పుడు తెలిసింది. బాబాయిగారూ అన్నాను గానీ పేరు అనలేదు. బొంగురుగా వచ్చింది. మొదటి అక్షరం సరిగ్గా పలకలేదు. మళ్ళీ మొదటి నుంచి, ఇంటిపేరుతో సహా, గట్టిగా పిలిచాను.

పిలిచి ఆగాను. అందరూ ఆగారు. పిన్నిగారు మగ్గం వైపు చూస్తున్నారు. పిలిస్తే పలక్కపోతే ఏం బావుంటాదన్న మనిషి. దుప్పటి కప్పిన మగ్గం దగ్గర్నించి ఏమీ వినపడలేదు.

కాసేపయ్యాక పెరట్లోంచి ఎవరో కేకేశారు.

"ఆకులు వేసేసేరండి. లెగండి."